గొర్రెకి ఏడు తరాలు

ఏడు తరాల పేర్లు చెప్పనిదే షైలూబెక్ గొర్రెను కొనడు. అమ్మేవాడి తాతల పేర్లు కావు, గొర్రె తాతలవి.

తన తాతల పేర్లు ఏడు తరాల దాకా గడగడా చెప్పలేని కుర్రాణ్ని కోచ్‌కోర్ ఊళ్లో ఎవరూ లెక్కచెయ్యరు, నిజమే. కానీ ఆ మర్యాదను గొర్రెలకూ కోళ్లకూ అంటగట్టిన మహానుభావుడు ఈయనొక్కడే. గుడ్డును వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "దీని అమ్మమ్మ ఎవరి కోడి?" అంటాడు. ఆయన్ను దూరం నుంచి చూడగానే సంతలో మాంసం కొట్టువాడు టీకి వెళ్లిపోతాడు.

ఆ రోజు ఆయన కొత్తకోడలు గుల్జాత్‌కి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. తలాస్ నుంచి అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు. రాత్రి విందులో, పెద్ద అతిథికి మర్యాదగా పెట్టే గొర్రె తల నాన్న ముందు పెట్టకపోతే పుట్టింటివాళ్ల దగ్గర తలెత్తుకోలేదు. మామగారు చూస్తే అప్పటికే రెండు దొడ్లలో బేరం చెడగొట్టారు.

"బాగా బలిసి ఉంది కదా మావయ్యా!"

"బలిస్తే సరా? దాని ముత్తాత ఎవరో తెలీదట. మీ నాన్నకి అనామకుణ్ని వడ్డిస్తావా?"



మూడో దొడ్డి జూరాది. ముందటేడు మంచుకి మందంతా పోయి, ఆమెకు ఒక్క గొర్రె మిగిలింది. అదిప్పుడు గుమ్మడికాయలా ఉంది. పక్కన రెండు పిల్లలు.

"ఇది బాబాయ్ కొన్నదేగా! అప్పుడే డబ్బులిచ్చేసి, లావెక్కేదాకా నా దగ్గరే ఉంచమన్నాడు," అంది జూరా.

గుల్జాత్ నిర్ఘాంతపోయింది. సొంత గొర్రెను ఇక్కడ పెట్టుకుని పొద్దుట్నుంచీ తనను ఊరంతా తిప్పారా!

"అయితే దీన్నే తీసుకెళదాం మావయ్యా!"

"ఇంకా బక్కగా ఉందమ్మా."

"బక్కా? నడవలేకపోతోంది!"

జూరా తాడు విప్పి తెచ్చింది. "తీసుకెళ్లు బాబాయ్. మేపినందుకని దీని పిల్లల్నీ నాకే వదిలేశావు. ఇంకా ఎన్నాళ్లు మొహమాటపెడతావు?" అంది. నవ్వుతూనే తాడు గుల్జాత్ చేతికిచ్చింది గానీ, రెండో చెయ్యి గొర్రె మెడ మీంచి తియ్యలేదు.

షైలూబెక్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన మాటల కోసం తడుముకోవడం గుల్జాత్ ఎన్నడూ చూడలేదు. విషయం అర్థమై సిగ్గేసింది, మామగారి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. తాడును మళ్లీ జూరా చేతిలోనే పెట్టింది.

"అక్కా, దీని ముత్తవ్వ పేరేంటి?"

"నాకేం తెలుసే?"

"అయ్యో! తెలీకుండా ఎలా కోస్తాం? తెలిసేదాకా నీ దగ్గరే ఉండనీ."

షైలూబెక్ నోరు తెరిచాడు, మూయడం మర్చిపోయాడు. జూరా ఇచ్చిన బుట్టెడు గుడ్లలో ఒక్కదాన్నీ వెలుతురుకి ఎత్తకుండా వచ్చి బండెక్కాడు.

దారిలో ఇంకో గొర్రెలవాడు దోరోన్‌బెక్ దొడ్డి దగ్గర బండి ఆగీ ఆగకముందే అతను పరుగెత్తుకొచ్చాడు. శరత్కాలమంతా ఈ రోజు కోసమే బట్టీపట్టాడు పాపం.

"బాబాయ్, ఈ పొట్టేలు తండ్రి నల్లమచ్చ, తాత వంకరకొమ్ము, ముత్తాత..."

"నిన్నెవరడిగారయ్యా? వియ్యంకులు వచ్చేస్తున్నారు, ముందు బండెక్కించు!"

దోరోన్‌బెక్‌కి మతిపోయింది. బండి కదిలాక కూడా వెనకాలే పరుగెడుతూ అరిచాడు.

"ఏడో పేరన్నా విని వెళ్లు బాబాయ్!"