బుడగలు లేని సీసా

2001 జూన్‌లో నన్ను నరసాపురం వైపు ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుల గది ఆయాగా వేశారు. వయోజన విద్య కేంద్రంలో అక్షరాలు నేర్చుకుని అప్పటికి నాలుగేళ్లు. కాగితం మీద ఉన్నది కూడబలుక్కుని చదివేదాన్ని.

పుట్టిన బిడ్డ ఏడవకపోతే ముగ్గురం కలిసి పని చేయాలి. డాక్టరు గుండె చూస్తారు. సిస్టరు బిడ్డ ముఖాన మాస్కు పెట్టి రబ్బరు సంచి నొక్కుతారు. ఆయా కీతో ఆక్సిజన్ సిలిండరు తెరవాలి. గాలి వస్తే సిలిండరుకు తగిలించిన నీళ్ల సీసాలో బుడగలు లేస్తాయి. డ్యూటీలు వేరవడంతో ముగ్గురం ఒకచోట సాధన చేసే వీలు లేదు. అందుకని డాక్టరమ్మ గారు తన గొంతూ, సిస్టరు రూతమ్మ గారి గొంతూ క్యాసెట్‌లో రికార్డు చేసి ఇచ్చారు. గుడ్డబొమ్మను బల్ల మీద పడుకోబెట్టి ఆ టేపుతో సాధన చేసేదాన్ని. డాక్టరమ్మ గొంతు "ఆక్సిజన్" అంటే నేను "తెరిచానండి" అనాలి. వెంటనే రూతమ్మ గారి గొంతు "నొక్కుతున్నానండి" అనేది. కాసేపటికి, "రంగు వస్తోందండి." గాలి వృథా అవుతుందని సాధనలో సిలిండరు జోలికి పోయేవాళ్లం కాదు.

వారంలో క్యాసెట్ అంతా నోటికొచ్చేసింది.

"టేపులో రూతమ్మంటేనే మీకిష్టం, సత్యవతి గారూ. ఆవిడ కసరదు కదండీ," అనేవారు రూతమ్మ గారు.

శ్రావణంలో ఒక ఉదయం మొగల్తూరు నుంచి మంగ అనే అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని పుట్టాడు. ఒళ్లు నీలంగా ఉంది, చేతులు వేలాడుతున్నాయి.

"ఆక్సిజన్," అన్నారు డాక్టరమ్మ.

"తెరిచానండి," అన్నాను.

"నొక్కుతున్నానండి," అన్నారు రూతమ్మ గారు.

అంతా క్యాసెట్‌లో లాగే నడిచింది. తర్వాతి మాట కోసం ఎదురుచూశాను. అది రాలేదు. బిడ్డ రంగు మారలేదు. డాక్టరమ్మ బొడ్డు దగ్గర వేళ్లు పెట్టి, గుండె తగ్గుతోందన్నారు.

"ఏడవట్లేదేంటండీ?" అంది మంగ, తల పైకెత్తి.

రూతమ్మ గారు సంచి నొక్కుతూనే, తల తిప్పకుండా అడిగారు. "బుడగలేవండీ?"

సీసా వైపు చూశాను. నీళ్లు కదలడం లేదు. సిలిండరు కీ నా కొంగునే కట్టి ఉంది.

ముడి ఊడదీసి కీ సిలిండరుకు పెట్టాను. కీ రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది. బుడగలు లేచాయి. ఎంతసేపటికో చెప్పలేను, బిడ్డ కాలు ముడిచాడు. పిల్లికూనలా మూలిగి, తర్వాత ఏడ్చాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గారి గదికి వెళ్లి, తెరవకుండానే తెరిచానని చెప్పానన్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆవిడ, అలా చెప్పడం మీకు నేర్పింది మేమేనన్నారు.

ఆ వారమే, కీ తిప్పి సీసా చూడడం అలవాటవ్వాలని బల్ల పక్కన ఖాళీ సిలిండరు పెట్టించి, కొత్త క్యాసెట్ చేయించారు. అందులో నా మాట కాగానే రూతమ్మ గారి గొంతు "బుడగలేవండీ?" అని అడిగి ఆగిపోతుంది. రిటైరయ్యేదాకా కొత్త ఆయాలకు దానితోనే నేర్పాను.

నేను కీ తిప్పినా తిప్పకపోయినా టేపు జవాబిస్తుంది. పక్కనున్న మనిషి నా మాట నమ్మి బిడ్డ మీద చెయ్యి వేస్తుంది. అందుకే సీసా చూశాకే "తెరిచాను" అనాలి.