నడుమ చెయ్యి పెట్టి చూసే అమ్మ

మా చిన్నప్పుడు కాశిబుగ్గ ఇంట్లో అన్నం వేడి చేయడం కూడా పెద్ద పనే... అరవైల్లో మాట. కట్టెల పొయ్యి మంట ఒక పక్కే తగులుతుంది కాబట్టి అమ్మ అన్నం ఉన్న గంజును, అంటే గిన్నెను, మధ్యమధ్యలో తిప్పుతుండేది. మూత మీద కాసిని నిప్పులు వేసేది. అంచులది నడుమకి, నడుమది అంచులకి కలిపేది. దించాక కూడా మూత తీయనిచ్చేది కాదు.

"జర ఆగుండ్రి, ఉడుకు లోపలికి పోనీయుండ్రి" అనేది.

చివరికి నడుమ గుంట చేసి, వేళ్ల వెనకవైపు ఆనించి చూసేది. రుచి చూస్తే ఎంగిలవుతుంది కదా... మాకేమో కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. ఇదేం చాదస్తమని విసుక్కునేవాళ్లం.

ఒక ఏడు తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. దవాఖాన నుంచి తెచ్చేసరికి పుల్లలా అయ్యాడు. వాణ్ని చూడటానికి మరిపెడ నుంచి మేనత్త వచ్చింది. నాన్నకి అక్క... అమ్మకి ఆవిడంటే హడల్.

ఆ మధ్యాహ్నం అమ్మ బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది. పొద్దున మెత్తగా వండిన పెసరపప్పన్నం అత్తే వేడి చేసింది. అంచుల్లో కుతకుతమంది, పైన పొగలు వచ్చాయి. ఇంకేం కావాలి అనుకుని, పళ్లెంలో పెట్టుకుని ప్రేమగా వాడి పక్కన కూర్చుంది.

ముద్ద వాడి నోటిదాకా వెళ్లింది... తడి చేతులతో వచ్చిన అమ్మ పళ్లెం లాగేసుకుంది!

అత్త మొహం కందగడ్డ అయింది. "ఏందే, నా మేనల్లునికి నేను ఇసం పెడుతున్ననా? నా సంచి తెండ్రి, ఇప్పుడే పోత" అని లేచి, తనే వెళ్లి సంచి అందుకుంది.

అమ్మ వంటింట్లోకి వెళ్లింది. గంజు తెచ్చి, నడుమ గుంట చేసి, అత్త చెయ్యి పట్టి అందులో ఆనించింది. చల్లగా ఉంది.

"మా పెద్దోడు గిట్లనే పోయిండు వదినె... పైన పొగలొస్తానయని పెట్టిన. ఇగ వాంతులు, విరేచనాలు. మల్ల లేవలె."

మాకు ఒక అన్నయ్య ఉండేవాడని తెలుసు. ఎలా పోయాడో ఆ రోజే తెలిసింది. ఆ సంగతి అమ్మ అప్పటిదాకా నాన్నకి కూడా చెప్పలేదట.

అత్త సంచి కింద పెట్టేసింది. "నువ్వు కూసో, నేను చూస్త" అని గంజు మళ్లీ పొయ్యెక్కించింది. తనే తిప్పింది, తనే కలిపింది, నడుమ చెయ్యి పెట్టి చూశాకే వాడికి తినిపించింది. తమ్ముడు కోలుకున్నాడు. ఇప్పుడు వాడికి మనవలు.

మా ఇంట్లో ఇప్పుడు మైక్రోవేవ్ ఉంది. మూత పెట్టి వేడి చేస్తాను, మధ్యలో ఆపి అంచులది నడుమకి కలుపుతాను, అయ్యాక కాసేపు కదపకుండా ఉంచుతాను. "అత్తమ్మా, అదే తిరుగుతది కదా" అని కోడలు నవ్వుతుంది. తిరుగుతుంది తల్లీ... అయినా నడుమ చూడనిదే పిల్లలకి పెట్టలేను.

అప్పుడు చాదస్తం అనుకున్నాం... పూటపూటా ఆ గుంటలో చెయ్యి పెట్టినప్పుడల్లా అమ్మకి అన్నయ్య గుర్తొచ్చేవాడేమో. పాపం, ఒక్క పూట కూడా మానలేదు.

మీ ఇంట్లో అలా చూసి పెట్టిన చెయ్యి ఎవరిది? చెప్పండి, వింటాను...