వచ్చాక లేపుతా

2022 చలికాలం. నోయిడాలో ఒక గుండె ఆసుపత్రిలో నేను ఫిజీషియన్ అసిస్టెంట్‌ని. డాక్టర్నీ కాదు, నర్సునీ కాదు. సర్జన్‌కి ఆపరేషన్లో సాయం చెయ్యడం, ఆ తర్వాత పేషెంటు కోలుకునేదాకా కనిపెట్టుకుని ఉండటం నా పని. ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ 'డాక్టరే' అని చెప్పేస్తుంది.

అప్పటి మా పేషెంటు మూర్తిగారు సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యారు. బైపాస్ బాగానే జరిగింది. మర్నాడు పొద్దున ఐసీయూ కిటికీ నిండా పొగమంచు, ఎదుటి అపార్టుమెంట్లు కూడా కనబడటంలేదు. ఆ తెలుపుకేసి చూస్తూ ఆయన మంచం దిగబోయారు.

"తెనాలి వచ్చేసింది. పెట్టె ఏదీ?"

దీన్ని డెలీరియం అంటాం. పెద్ద ఆపరేషన్ల తర్వాత మనసు కాస్త దారి తప్పుతుంది. ఆ కంగారులో ఛాతీలో పెట్టిన గొట్టం లాగేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఎక్కడున్నారో నెమ్మదిగా గుర్తుచెయ్యాలని మాకు నేర్పారు.

"సార్, ఇది నోయిడా. మీకు ఆపరేషన్ అయింది."

"నోయిడా ఏంటమ్మా? ఢిల్లీ వదిలి ఎంతసేపైంది! తప్పుకో, బండి ఇక్కడ ఎక్కువసేపు ఆగదు."

సర్జన్‌కి ఫోన్ చేశాను. వినకపోతే మత్తు ఇద్దామన్నారు. మత్తుకి ఊపిరి మందగించి మళ్లీ వెంటిలేటర్ మీదికెళ్తారేమోనని నా భయం. బయటున్న కూతురు శ్వేతని పిలిచాను. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో.

"పాపా, ఆప్ హాస్పిటల్ మే హో."

ఆయన పరాయి మనిషిని చూసినట్టు చూశారు. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

కాసేపు తనూ కిటికీకేసి చూసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని తెలుగులో అంది.

"స్టేషన్ ఇంకా రాలేదు నాన్నా. పడుకో. వచ్చాక నేను లేపుతా."

"సిగ్నల్ దగ్గర ఆగిందా?"

"ఆగింది. మంచు."

ఆయన తలగడ మీద వాలి నిద్రపోయారు. నాకైతే మంచం కూడా కాస్త ఊగుతున్నట్టే అనిపించింది.

"చిన్నప్పుడు సెలవులకి తెనాలి వెళ్తుంటే రైల్లో పాపా నాతో ఇదే అనేవారు దీదీ," అంది శ్వేత హిందీలో. "నాకు తప్పుల్లేకుండా వచ్చిన తెలుగు ఇదొక్కటే."

మధ్యాహ్నం ఎండొచ్చాక ఆయన కళ్లు తెరిచారు. కూతుర్ని గుర్తుపట్టారు.

"లేపుతానన్నావుగా, లేపలేదేం?"

శ్వేత నవ్వుతూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

మొన్న మా పిన్ని కూతురు, "ఈ కోర్సుకి స్కోప్ ఉందా అక్కా?" అని అడిగింది. ఉందన్నాను. ఆసుపత్రులు పెరుగుతున్నాయి, మా అవసరమూ పెరుగుతోంది. కోర్సులో చెప్పనిది నేర్పింది మాత్రం శ్వేత. ఇప్పుడు అలా కంగారుపడే పేషెంటుని ఎక్కడున్నారో తెలుసా అని ముందు అడగను. ఎక్కడికి వెళ్తున్నారు అని అడుగుతాను.