బొంతల దొంతరలో ఏడు కంప్యూటర్లు

మా పై అంతస్తు తొక్తొసున్ ముప్పై ఏళ్ళు బిష్కెక్‌లో లిఫ్టులు బాగుచేశాడు. ఊళ్ళో సగం మంది ఆయన చలవతోనే మెట్లెక్కకుండా బతికారు, మా బిల్డింగు వాళ్ళం తప్ప. ఆయన రిటైరైన నాటి నుంచీ మా లిఫ్టు మూడో అంతస్తు దాటదు. అడిగితే, "అది వేరే డిపార్టుమెంటు, బాత్మా అక్కా," అంటాడు. నేను ఇరవై ఆరేళ్ళు ట్రాలీబస్సు నడిపిన దాన్ని. నాకా డిపార్టుమెంటు కబుర్లు!

రిటైరయ్యాక ఆయనకి కంప్యూటర్ల పిచ్చి పట్టింది. కొనడం కాదు, కట్టడం. మూతబడ్డ ఇంటర్నెట్ షాపులూ, ఆఫీసులూ పారేసిన బోర్డులు ఏరుకొచ్చి ప్లైవుడ్ చెక్కకి మరలతో బిగించేవాడు. పెట్టె ఉండదు, కీబోర్డు ఉండదు. ఏడింటికీ కలిపి ఒకటే తెర, ఏది మొరాయిస్తే దాని దగ్గరికి మోసుకెళ్ళేవాడు. రెండు బోర్డుల్ని గిన్నెలు ఆరబెట్టే స్టాండులో నిలబెట్టాడు. పళ్ళేల సందు గాలి ఆడ్డానికి సరిగ్గా సరిపోయిందట. ఆ స్టాండు ఆయన భార్య సాయ్‌కాల్‌ది. ఆ రోజు నుంచీ ఆమె గిన్నెలు కిటికీ గట్టు మీద ఆరుతున్నాయి.

ఇంతా చేసి అవి చేసే పని లెక్కలు. ఎక్కడో శాస్త్రజ్ఞులు కొత్త మందుల కోసం కొండంత లెక్క పెట్టుకుని, దాన్ని ముక్కలు చేసి ప్రపంచమంతా పంచుతారు. ఇష్టమున్నవాళ్ళ కంప్యూటర్లు తలా ఓ ముక్క చేసి తిరిగి పంపుతాయి. జీతం లేదు, బత్తెం లేదు. బిల్డింగులో ఒక్కరు నమ్మితే ఒట్టు. ఇంటర్నెట్ నాణేలు తవ్వి కూడబెడుతున్నాడన్నారు. కూడబెట్టేవాడు పన్నెండేళ్ళుగా అదే స్వెటరు ఎందుకు తొడుక్కుంటాడని నేనడిగితే నోళ్ళు మూతబడ్డాయి. అలాగని నేను ఆయన పక్షమేమీ కాదు. ఆ ఫ్యాన్ల రొద మోగేది నా నెత్తిమీదే కదా.

అసలు పేచీ అవి ఉన్న చోటుతో వచ్చింది. ఆ ఇంట్లో బరువు మోయగల ప్లగ్గు ఒక్కటే, అదీ హాల్లో తలుపుకి ఎదురు గోడకి, తోర్‌లో. వచ్చినవాళ్ళలో పెద్దని కూర్చోబెట్టే చోట అది. అక్కడ ఈ ఏడూ దర్జాగా కూర్చుంటే, పెద్దవాళ్ళు కింద సర్దుకునేవాళ్ళు. ఇంతలో కూతురు ఐజిరెక్‌కి సంబంధం కుదిరింది. నారిన్ కొండల నుంచి వియ్యాలవారు ఆదివారం వస్తామన్నారు.

"ఏవయ్యా, వియ్యంకుణ్ణి చెప్పుల పక్కన కూర్చోబెట్టమంటావా?" అంది సాయ్‌కాల్. "ఆదివారం అవి అక్కడ కనిపించాయా, సోమవారం పాతసామానువాడికి తూకానికి వేసేస్తా."

"సోమవారం దాకా ఆగవే. గడువున్న ముక్క నడుస్తోంది. ఇప్పుడాపితే అందదు."

"కూతురి పెళ్ళాగినా పర్లేదా?"

"పెళ్ళికైతే గడువు పెంచుతారు. వీళ్ళు పెంచరు."

ఈ మాట అన్నందుకు రెండ్రోజులు ఆయనకి ఇంట్లో టీ పుట్టలేదు. మా ఇంటికొచ్చి తాగాడు.

ఆదివారం బోర్సోకులు, అదే నూనెలో పొంగే పిండి ముక్కలు, వేయించడానికి పైకెళ్ళాను. తోర్ ఖాళీ. గోడ వారగా జూక్ మాత్రం పైకప్పుని తాకుతోంది. జూక్ అంటే మడతపెట్టి పేర్చిన బొంతల దొంతర, అదెంత ఎత్తుంటే ఇంటికంత పరువు. సాయ్‌కాల్ మురిసిపోతోంది. "చూశావా అక్కా, వాటిని బాల్కనీలోకి మార్చేసి, అటకమీది బొంతలన్నీ దించి పేర్చాడు పాపం," అంది. దగ్గరకెళితే నా మోకాళ్ళకి వెచ్చగా తగిలింది. చెవి ఆనిస్తే సన్నగా రొద. తొక్తొసున్ కళ్ళతోనే నన్ను బతిమాలాడు. నేను నోరు మూసుకున్నాను. అది నా వల్ల అయ్యే పని కాదు, అయినా మూసుకున్నాను.

వియ్యంకుడు ఓముర్జాక్ తలుపంత మనిషి. తోర్‌లో చతికిలబడి, వీపు జూక్‌కి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ఆ వారం బిల్డింగులో గదులు వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాలు పేరుకే ఉన్నాయి, అందరం కోట్లు విప్పకుండా తింటున్నాం.

"అబ్బ, ఏం వెచ్చదనం! ఇదే ఉన్ని చెల్లెమ్మా?"

"మా అమ్మ కుట్టినవి అన్నయ్యా," అంది సాయ్‌కాల్ గర్వంగా.

వియ్యపురాలు తానూ వచ్చి వీపు ఆనించింది. ఉన్ని ఎక్కడ కొన్నారో రాసివ్వమంది. పెద్ద అతిథే కోసి పంచాల్సిన గొర్రెతల పళ్ళెం వచ్చింది. ఓముర్జాక్ కత్తి అందుకున్నాడో లేదో, జూక్ గుర్రుమంది. ఆయన ముందుకి జరిగి వెనక్కి చూశాడు.

"చెల్లెమ్మా, నీ బొంతల్లో ఏదో ప్రాణి ఉంది."

ఆ ప్రాణి ఈసారి అరిచింది. ఉన్ని మాడిన కంపు కొట్టింది. తొక్తొసున్ లేచి, పరిచిన రొట్టెల మీదుగా దూకాడు. మాలో అంతకంటే అప్రాచ్యపు పని లేదు. బొంతలు లాగి పారేసి ప్లగ్గు పీకాడు. ప్లైవుడ్ చెక్కలూ, గిన్నెల స్టాండూ, వైర్లూ అందరి ముందూ బయటపడ్డాయి. సాయ్‌కాల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవి ఏం సంపాదిస్తాయి బావగారూ?" అన్నాడు ఓముర్జాక్.

"ఏమీ లేదు."

"మరెవరి కోసం?"

తొక్తొసున్ మాడిన బొంతని మడతపెట్టసాగాడు. "మా చెల్లెలు బురుల్చా. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. మందు లేదా అని డాక్టర్ని అడిగితే, ఇంకా ఎవరూ కనిపెట్టలేదన్నాడు. నేను లిఫ్టు మెకానిక్కుని, నేనేం కనిపెడతాను? ఇలాగైతే నేనూ ఓ చెయ్యి వేయొచ్చన్నారు. ఆ జబ్బు లెక్కే ఇది. ఎక్కడెక్కడివాళ్ళో చేస్తున్నారు. ఒకరి మొహం ఒకరికి తెలీదు."

నాకు సిగ్గేసింది. పన్నెండేళ్ళు చీపురుకర్రతో కప్పు పొడిచానే గానీ, ఎందుకయ్యా ఇదంతా అని ఒక్కసారి అడగలేదు. సాయ్‌కాలూ కరెంటు బిల్లు గురించే అడిగింది. బురుల్చాకి చివరిదాకా స్నానం చేయించి తల దువ్వింది ఆవిడే.

ఓముర్జాక్ కత్తి కింద పెట్టాడు. మొహం కందగడ్డ అయ్యింది. సంబంధం పోయిందే అనుకున్నాను.

"అంటే ఇది అషార్ కదయ్యా!" అని గద్దించాడు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటే పేటంతా వెళ్ళి, ఇల్లుగలాయన పెట్టే భోజనం తప్ప కూలి లేకుండా ఇటుకలు మోసొస్తామే, ఆ అషార్.

"అలాంటిదే బావగారూ."

"అషార్ పెట్టుకుని వియ్యంకుణ్ణి పిలవలేదా? పరాయివాణ్ణా నేను? రేపు నారిన్‌లో తెలిస్తే తలెత్తుకుని తిరగ్గలనా?"

"కంప్యూటరుండాలి బావగారూ."

"మావాడికుంది. పొద్దస్తమానం దాంతో ఆటలే. రేపట్నుంచి ఆడడు."

పెళ్ళికొడుకు వచ్చినప్పటి నుంచీ తెరవని నోరు తెరిచి, తండ్రిని చూసి మూసుకున్నాడు.

"మరి ఆ ఇల్లుగలాయన ఇన్నేళ్ళలో మీకు భోజనమైనా పెట్టాడా?" అంది వియ్యపురాలు.

"లేదు చెల్లెమ్మా."

"ఏం మనుషులో!"

ఓముర్జాక్ తినకుండా కూర్చున్నాడు. "ముందు వాటిని నడిపించు. పనివాళ్ళని ఆపి మనం తింటామా?" తొక్తొసున్ ఒక్కొక్కటే తట్టి లేపాడు. ఆరు లేచాయి, ఒకటి లేవలేదు. ఆ రొద మధ్యనే తిన్నాం.

తిన్నాక ఓముర్జాక్ దీవెనకి అరచేతులు చాచాడు, మేమంతా చాచాం. పిల్లలిద్దర్నీ దీవించాడు. తర్వాత ఆ గిన్నెల స్టాండు వైపు తిరిగాడు.

"మొహాలు తెలియని పనివాళ్ళందరికీ చేతుల్లో బలముండాలి. ఆ ఇల్లు లేవాలి. బురుల్చాకి అందలేదు, ఇంకొకరి చెల్లెలికైనా అందాలి. ఓమిన్."

అలాగే కావాలంటూ, ఓమిన్ అని అందరం అరచేతులు మొహం మీదుగా కిందికి దించుకున్నాం. సాయ్‌కాల్ చేతులు మాత్రం మొహం మీదే ఉండిపోయాయి.