సూరీడమ్మ టీచరు ఎలుగుబంటి

రేకుల మీద వాన ఒక్కసారిగా విరుచుకుపడే మోత వింటే ఇప్పటికీ నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడాలనిపిస్తుంది. మొన్న మధ్యాహ్నం కూడా అంతే. చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పాతపట్నం దగ్గరి ఒక చిన్న బడి, అందులో నాతో పనిచేసిన సూరీడమ్మ టీచరు గుర్తుకొచ్చారు.

పందొమ్మిదివందల అరవైల చివర్లో నేనక్కడ పంతులమ్మగా కొత్తగా చేరాను. నాకు ఇరవై ఏళ్లు, ఆవిడకు ముప్పై అయిదు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. పాత అట్టలు కత్తిరించి జంతువుల బొమ్మలు చేసేవారు. కిటికీలు మూసి, తెల్ల పంచెను తెరలా కట్టి, వెనక హరికేన్ లాంతరు పెట్టి ఆ నీడల్ని ఆడించేవారు. ఆ ఆటలో, అడవిలో దారి తప్పిన ఎలుగుబంటికి ఒక కోడిపెట్ట తోడు దొరుకుతుంది. ఎలుగుబంటికి ఉడతన్నా భయమే. కోడిపెట్టే దాన్ని అదిలిస్తూ, తిండి వెతికిపెడుతూ బతికిస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. పాఠాలు మానేసి ఇదేమిటని నాకు లోలోపల విసుగు.

నేను చేరిన రెండో వారం కొండల్లో వాన పడి గెడ్డ పొంగింది. ఊరికీ బడికీ మధ్య, పిల్లలు రోజూ మోకాలి లోతులో దాటి వచ్చే వాగు అది. బడి వదిలే వేళకి ఎర్రటి నీళ్లు చెట్ల కొమ్మల్ని ఈడ్చుకుపోతున్నాయి. ముప్పైమంది పిల్లలు. చిన్నవాళ్లు ఏడుపు అందుకున్నారు.

“నాకు ఈత వచ్చు టీచరమ్మా, ఎలిపోతాను!” అంటూ అయిదో తరగతి నరసమ్మ గుమ్మం వైపు పరుగెత్తింది.

సూరీడమ్మగారు అడ్డంగా నిలబడ్డారు. “గడప దాటినారంటే కాళ్లిరగ్గొడతాను. కూకోండి. ఇయాల ఎలుగుబంటి గెడ్డ దాటుతాది, సూడరా?”

పంచె తెర కట్టారు. నేను లాంతరు పట్టుకుని వెనక నిలబడ్డాను.

“నాను ములిగిపోతాను బాబోయ్!” అంది ఎలుగుబంటి.

“ఇంత బొజ్జేసుకుని ములిగిపోతావేటి? నీళ్లు తగ్గీదాకా కూకోయెహె!” అంది కోడిపెట్ట.

ఆవిడ చేతులు వణకడం అప్పుడు చూశాను. బొమ్మ వణికింది, పంచె మీద నీడా వణికింది. ఎలుగుబంటి భయపడుతోందనుకుని పిల్లలు ఇంకా నవ్వారు.

కిటికీ సందులోంచి చూసి, “నీళ్లు బడి రెండో మెట్టుకొచ్చాయండీ” అన్నాను గుసగుసగా.

“మూడోది ములిగితే సెప్పు. లాంతరు కదపకు.”

మూడో మెట్టూ మునిగింది. చెప్పాను. “అందరూ బెంచీలెక్కండి, ఎలుగుబంటి ఒళ్లు దులుపుతాది!” అన్నారావిడ. పిల్లలు కేరింతలు కొడుతూ ఎక్కారు. నేను లాంతరు కదపకుండా పట్టుకున్నాను.

నాలుగో మెట్టు దగ్గర నీళ్లు ఆగాయి. పొద్దు వాలేసరికి కాస్త తగ్గాయి. ఊరివాళ్లు తాడు కట్టుకుని వచ్చారు. ఆవిడ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అప్పగించారు. ఆఖరి పిల్ల వెళ్లాకే అడిగారు: “మా బాబుని ఎవులైనా సూసినారా?”

ఆవిడకు నాలుగేళ్ల కొడుకున్నాడనీ, వాళ్ల ఇల్లు గెడ్డ గట్టు మీదేననీ అప్పటిదాకా నాకు తెలియదు.

“మీ గోడ పడిపోనాది టీచరమ్మా. మీ అత్త బాబునెత్తుకొని మిల్లు మేడ మీదికి ఎలిపోనాది. బాగున్నారు,” అన్నాడొక రైతు.

ఆవిడ ఆ బురదలోనే కూలబడిపోయారు. లేవదీస్తూ, “నాకైనా చెప్పలేదేమండీ?” అన్నాను.

“సెప్తే నీ మొగం సూసి పిల్లలకి తెలిసిపోయీది.” కొంగుతో మొహం తుడుచుకున్నారు. “నా వణుకంతా ఆ ఎలుగుబంటికిచ్చేసినాను కదా.”

ఆ తరువాత నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ భయం లేని మనిషిని కాలేకపోయాను. శ్రీకాకుళం ఆస్పత్రిలో మా వారికి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు బయట బల్ల మీద నాకు అటొకరు ఇటొకరు మా ఆడపిల్లలు. నా చేతులు వణుకుతున్నాయి. అవి నిలిచేదాకా ఆగలేదు. వాళ్ల నాన్న నన్ను చూడ్డానికి పెళ్లిచూపులకని బయల్దేరి, పొరపాటున మా పక్కింట్లో దూరి ఉప్మా తిని వచ్చిన సంగతి మొదలుపెట్టాను. చిన్నది నవ్వింది. తలుపు తెరుచుకునేదాకా చెబుతూనే ఉన్నాను.