గాలి తుపాకి: సుగుణకు చెప్పకుండా దాచుకున్న మాట

నిన్న పొద్దున ఏడున్నరకు సుగుణ నంబర్ నుంచి ఫోన్.

"ఏమే, ఈ పొద్దు నాలో ఏం తప్పు కనిపెట్టినావు?" అంటూ ఎత్తాను.

అవతల ఆమె తమ్ముడు. "అక్కా, సుగుణక్క పోయినాదక్కా."

"యాడికి?" అన్నాను.

ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదు. నోట్లోంచి అదే వచ్చింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం కూడా పిల్లలకు ప్రాక్టీస్ చెప్పిందట.

ఆమె తెలియని వాళ్ల కోసం ఈ పోస్ట్ రాస్తున్నాను. సుగుణ మేరీ, కణేకల్ పిల్ల. అనంతపురం కాలేజీలో నా క్లాస్‌మేట్. ఎన్‌సీసీ ఫైరింగ్‌లో నా పక్క చాప మీద పడుకుని కాల్చేది.

తర్వాత నేను ఫిజిక్స్ చెప్పుకున్నాను. ఆమె స్కూల్లో డ్రిల్ టీచర్ అయింది. రిటైరయ్యాక మేమంతా మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే, ఈమె రెండు ఎయిర్ రైఫిళ్లు తెచ్చి, సోమందేపల్లెలో ఒక శెనక్కాయల గోడౌన్ తీసుకుని ఆడపిల్లలకు షూటింగ్ నేర్పడం మొదలుపెట్టింది.

వానల్లేవు, కాయల్లేవు, గోడౌన్ ఖాళీ. కరువు వల్ల మా వైపు బాగుపడిన సంస్థ నాకు తెలిసి అదొక్కటే.

మూడేళ్ల కిందట నా మనవరాలు మేఘన తనూ షూటింగ్ నేర్చుకుంటానంది. నేర్చుకుంటే పాయింట్ టూ టూ రైఫిల్ నేర్చుకో, లేకపోతే మానుకో అన్నాను.

ఎన్‌సీసీలో మేం కాల్చింది అదే మరి. అసలైన తూటా, అసలైన మందు, అసలైన చప్పుడు. ఐదు రౌండ్లు కాల్చి లేస్తే నాకు నేనే సెల్యూట్ కొట్టుకోవాలనిపించేది. గాలి తుపాకి అంటే నా లెక్కలో జాతరలో బుడగలు పగలగొట్టేది.

సుగుణ ఒప్పుకోలేదు.

"నీ తుపాకికి లైసెన్స్ కావాల, తూటాలు కావాల, యాభై మీటర్ల రేంజ్ కావాల. దీనికి ఈ గోడౌన్‌లో పది మీటర్లు చాలు. బిడ్డ దినామూ కాల్చొచ్చు."

"బయట కాలుస్తాది. మన కాడ బీళ్లకేం కొదవ?"

"ఆషాఢం గాలికి నీ తూటా పోయి యాడో గుమ్మఘట్టలో పడతాదే."

జవాబు లేనప్పుడు నేనేం చేస్తానో మీకు తెలుసు.

"గాలి తుపాకి, గాలి టీచరు," అన్నాను. ఆమె పిల్లలందరి ముందర.

జీవితమంతా పనిచేసిన మనిషిని పట్టుకుని పనీపాటా లేనిదన్నట్టు మాట్లాడాను. ఆమె రైఫిల్ తుడిచి పెట్టెలో పెట్టింది.

ఆరు నెలలు మాకు మాటల్లేవు. ఇద్దరు ముసలమ్మల రోషం మధ్య మేఘనకు ఏ తుపాకీ లేదు. అద్దం ముందు చీపురుకట్ట పట్టుకుని పొజిషన్ ప్రాక్టీస్ చేసేది.

ఒక ఆదివారం సుగుణ చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది.

"నడువు. ఈ పొద్దు నువ్వే కాల్చు. నువ్వు బాగా కాలిస్తే బిడ్డకు నీ తుపాకే."

కొంగు దోపుకుని పది షాట్లు కాల్చాను. కార్డు మధ్యలో నల్ల చుక్క క్షేమంగా ఉంది. దాని చుట్టుపక్కల మాత్రం చిల్లులు.

తుపాకి బాగాలేదన్నాను.

పదకొండోది ఆమే లోడ్ చేసి ఇచ్చింది. నొక్కితే ఊరికే టక్కుమంది. లోపల పెల్లెట్, అదే సీసం గుండు, పెట్టలేదు. మేఘన పక్క నుంచి వీడియో తీసింది, స్లో మోషన్‌లో చూపించింది.

వేలు కదిలేలోపే నా కండ్లు మూసుకుపోయాయి. తుపాకి మూతి కిందికి వంగింది. రాని చప్పుడుకు నేను ముందే ఉలిక్కిపడ్డాను.

సుగుణ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"కాలేజీలో గూడా ఇట్లే జడుసుకుంటాంటివే. ఆ చప్పుడులో ఎవురికీ కనపడలా. మోత ఎక్కువుంటే తప్పు కనపడదు."

"నువ్వు చెప్తాండేది తుపాకి సంగతేనా?"

"నీకు తెలుసు."

తర్వాత మేఘన వైపు తిరిగింది. "ఈ తుపాకి నిదానమమ్మా. నొక్కినాక గూడా పెల్లెట్ రవ్వంతసేపు గొట్టంలోనే ఉంటాది. అందుకని వదిలినాక గూడా కదలకుండా ఉండాల. ఒకటి, రెండు అనుకో. అప్పుడు దించు."

ఫిజిక్స్ లెక్చరర్‌ని పక్కన నిలబెట్టి డ్రిల్ టీచర్ చెప్పిన ఫిజిక్స్ అది. ఒక్క ముక్క తప్పు లేదు.

మేఘన చేతికి గాలి తుపాకే వచ్చింది. నేను మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. ఆ రోజు నడుం నొప్పి అన్నాను.

అప్పటి నుంచి కలిసిన ప్రతిసారీ అడిగేది. "ఒక్కసారి నోటితో చెప్పవే, నేను చెప్పిందే కరెక్ట్ అని."

"చెప్తాలే, తొందరేముంది," అనేదాన్ని.

పోయిన ఆదివారం కూడా అదే అన్నాను.

ఇవాళ పొద్దున మేఘన గోడౌన్‌కు పోదామంది. పోయేసరికి పిల్లలంతా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. మేఘన ఒక్క షాట్ కాల్చింది.

ఎక్కడ తగిలిందో చూడలేదు. ఒకటి, రెండు దాటింది. పది దాటింది. తుపాకి దించలేదు.

కామెంట్లలో RIP అని పడేసి పోయేవాళ్లు, దయచేసి ఆమె పేరు పూర్తిగా రాయండి. హాజరు విషయంలో ఆమె స్ట్రిక్ట్.

సుగుణా, నువ్వు చెప్పిందే కరెక్ట్. తుపాకి సంగతీ, నా నోటి మోత సంగతీ. అందరి ముందర అన్న మాటను అందరి ముందరే వెనక్కి తీసుకుంటున్నాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని నీ పిల్లలకు చెప్పాను.

ఏ చప్పుడూ లేకుండా పోయినావు. నేనూ ఇంకా దించలేదు.

నిమ్మళంగా పడుకోవే.