బూట్ల కంపెనీకి రెండో ఉత్తరం

నేను తమిళనాడు ధర్మపురిలో ఒక లాయరుగారి దగ్గర టైపిస్టుని. నోటీసులు, ఫిర్యాదులు టైపు చేయడమే పని. అందుకే పరుగు పందెంలో మా చెల్లెలి బూటు అడుగు ఊడి ఆమె పడిపోయిన రోజు, ఇంట్లో అందరూ ఏడుస్తుంటే నేను ఏడవలేదు. ఆ బూట్లు చేసిన కంపెనీని ఎలా కడిగేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు నోరెక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ నోటికి ఇన్నాళ్ళకు సరైన పని దొరికిందనుకున్నాను.

మాది పెన్నాగరం పోయే దారిలో ఒక పల్లె. మెట్టపొలం, వేరుశెనగ, రాగులు. చెల్లెలు నాలుగు వందల మీటర్లు పరిగెత్తేది. ఆ ఏడు జిల్లా పోటీల్లో ముందు వరసలో వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దొరుకుతుంది. చదువు, తిండి, కోచింగు అన్నీ అక్కడే. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. అంతవరకూ వట్టి కాళ్ళతో పరిగెత్తిన పిల్లకు నాయన స్పైక్స్ కొనిపెట్టాడు, అంటే అడుగున మేకులుండే పరుగు బూట్లు.

ఆఖరి మలుపు దగ్గర ఆమె రెండో స్థానంలో ఉంది. కుడి బూటు అడుగు ముందు నుంచి నోరు తెరిచింది. మేకులు మట్టిలో దిగబడి అక్కడే ఉండిపోయాయి, ఆమె మోకాళ్ళ మీద పడింది. లేచి, అందరూ చేరిపోయిన తర్వాత, గీత దాకా కుంటుకుంటూ నడిచింది. ఆ నడక ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

బస్సులో నాయన ఆ బూటును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక నాతో అన్నాడు.

"నువ్వు రాయి పాపా. ఊరికే విడవకూడదు వాళ్ళను. బిడ్డ బతుకుతో ఆడుకొన్నారు."

మొదటి చిత్తు నాలుగు పేజీలొచ్చింది. లాయరుగారు చదివి, తమిళంలో మెల్లగా అన్నారు, "కోపమంతా నువ్వే ఖర్చు పెట్టేశావు. చదివేవాడు ఏం చేయాలో మాత్రం చెప్పలేదు." ఏం కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎలా వాడారు, ఏం జరిగింది, ఇప్పుడేం కావాలి, ఎప్పటిలోగా కావాలి. ఇంతే ఉండాలట. ప్రతి వాక్యం మీదా వేలు పెట్టి, దీనికి రుజువేది అని అడిగారు. రుజువు లేనిదల్లా కొట్టేస్తూ పోయాను. చెల్లెలి ఏడుపుకు రుజువు లేదు. సీటు తప్పకుండా వచ్చేదనడానికీ లేదు. చివరికి ఒక్క పేజీ మిగిలింది. మంచి ఉత్తరమే, కానీ అందులో మా చెల్లెలు లేదు. ఆమె స్థానంలో 'వినియోగదారు' అని ఉంది.

"బూట్లను సరైన పద్ధతిలోనే వాడాము" అన్న వాక్యం దగ్గర ఆయన ఆగి, "ఇంట్లో అడిగావా?" అన్నారు. అడగడానికేముంది సార్ అన్నాను.

కంపెనీవాళ్ళు బూటు పంపమన్నారు, పంపాను. ఆ మధ్య రోజుల్లో చెల్లెలు పొద్దున్నే లేచి గ్రౌండుకు పోవడం మానేసింది. ఎవరూ పొమ్మని అనలేదు. నాయన మాత్రం నేను ఇంటికి పోయిన ప్రతి ఆదివారం బదులు వచ్చిందా అని అడిగేవాడు.

వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. బూటు లోపలా జిగురులోనూ నూనె ఉందట, ఎండకు బాగా కాగిన గుర్తులు కూడా ఉన్నాయట, కాబట్టి ఇది తయారీలో లోపం కాదట. నాకు ఒళ్ళు మండిపోయింది. నూనేమిటి, కట్టుకథలు కాకపోతే! కన్స్యూమర్ కోర్టుకు లాగుతానని ఆ కాగితం పట్టుకుని ఊరికి పోయాను. నాయన పొలంలో ఉన్నాడు. చెల్లెలు గిన్నెలు తోముతున్నదల్లా లేచి, చేతులు తుడుచుకుని చదివింది. చదివి మడిచింది.

"నాయన పూసినాడక్కా, ఆముదము."

మా వైపు కొత్త తోలు చెప్పులు తెస్తే ఆముదం పట్టించి ఎండలో పెడతారు. తోలు మెత్తబడుతుంది, కాలు కరవదు. నాయన జన్మలో ఎరిగినవన్నీ తోలు చెప్పులే. ఈ బూట్లు రబ్బరూ గుడ్డా జిగురూ అని ఆయనకేం తెలుసు? బిడ్డ కాలు కరవకూడదని పోటీ దాకా రోజూ పూసి ఎండబెట్టాడు.

"నీకు తెలిసే వేసుకొనిపోయినావా?"

"ఆ పొద్దు చూస్తే అంచు లేచుండాది. ఇంగొక పాప తన పాత జత ఇస్తాననింది. నాయన కంచె కాడ నిలబడి నా కాళ్ళనే చూస్తా ఉన్నాడు. ఎట్ల విప్పేదక్కా?"

"మరి నన్నెందుకు రాయనిచ్చినావే?"

"నువ్వు రాస్తా ఉంటే నాయన కంపెనీని తిడతా ఉన్నాడు. లేకుంటే ఎందుకు ఊడెనా అని ఆలోచన చేస్తాడు గదా."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆ గిన్నెల దగ్గరే కూలబడి ఏడ్చాను. ఇంత నోరు పెట్టుకుని ఏం లాభం, పదహారేళ్ళ పిల్ల నోరు మూసుకుని మోసింది నాకంటే ఎక్కువ.

నాయన వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. "బదులు వచ్చెనా?"

"వచ్చినాది నాయనా. వాళ్ళ తప్పు కాదంటాండారు."

"కాదంటారా?" ఆయన అరుగు మీద కూర్చున్నాడు. "పేపరు తీయి. ఈసారి నేను చెప్తాను, నువ్వు రాయి."

మాకు మాట తెలుగు, రాత తమిళం. ఆయన తెలుగులో చెబుతుంటే నేను తమిళంలో రాస్తూ పోయాను.

"మేము ఆ బూట్లను ఏమారి చూడలేదని రాయి. చంటిబిడ్డకు పూసినట్ల దినమూ నా చేత్తో ఆముదము పూసినాను. ఎండలో పెట్టి, కాకి ఎత్తుకపోకుండా పక్కనే కూర్చొని కాపు కాసినాను. అదీ రాయి."

నా చెయ్యి ఆగిపోయింది.

"రాసినావా? మాకు దుడ్లు వద్దు. ఇంగో జత వద్దు. బిడ్డను పడేసినోడు ఎవడో, వాడు తప్పు నాదేనని ఒప్పుకొంటే చాలు. అంతే రాయి."

నేను చెల్లెలి వైపు చూశాను. ఆమె గడపలో నిలబడి ఉంది.

"రాయక్కా," అంది. "నాయన చెప్పింది చెప్పినట్ల రాయి."

రాశాను. నాయన కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంటూ, కింద సంతకం పెట్టాడు.